గిడుగు మాస్టారు భాష నేర్చుకున్న తీరు

స్వర్ణోత్సవాల కమిటీ రెండో సమావేశంలో ఒక ప్రతిపాదన వచ్చింది. మన బడిలో తొమ్మిది, పది తరగతులు చదువుతున్న పిల్లలకి ఇంగ్లీషు ఫ్రేజల్ వెర్బుల పుస్తకం ఒకటి, ఎదురుగా తెలుగు అర్థాలతో, సంఘం ఖర్చుతో అచ్చు వేయించి పంచాలని. అందరూ బాగుందన్నారు. ముప్పై ఏళ్లు ఇంగ్లీషు కాగితాల మీద సంతకాలు పెట్టినవాణ్ణి కదా అని ముందుమాట నా మీద వేశారు. రాయడానికి కూర్చుంటే గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు అడ్డొచ్చారు. అందుకని ముందుమాట పక్కన పెట్టి, ఈ సంచికకి ఆయన జీవితం రాస్తున్నాను. ఆ పుస్తకం వేయాలా వద్దా అన్నది ఇది చదివాక కమిటీ వారే మరోసారి ఆలోచిస్తారని నా ఆశ.

బడి వదిలి చాలాకాలమైన వాళ్ల కోసం ఒక మాట. గెట్, పుట్, టేక్, బ్రేక్ వంటి పొట్టి క్రియల పక్కన అప్, ఆఫ్, అవుట్, డౌన్ వంటి ఇంకా పొట్టి మాటలు చేరి అర్థం ఎటో వెళ్లిపోతే దాన్ని ఫ్రేజల్ వెర్బ్ అంటారు. పుట్ అంటే పెట్టడం. పుట్ ఆఫ్ అంటే వాయిదా వేయడం, పుట్ అవుట్ అంటే ఆర్పడం, పుట్ అప్ విత్ అంటే ఓర్చుకోవడం. ఇది మనకి మాత్రమే వచ్చిన కష్టం కాదు. 1755లో ఇంగ్లీషు నిఘంటువు వేసిన శామ్యూల్ జాన్సన్ కూడా పరాయివాళ్లకి అన్నిటికంటే కష్టం ఇక్కడే అని తన పీఠికలో రాసుకున్నాడు. ఆ పేరు మాత్రం కొత్తది, 1925లో వచ్చిన ఒక పుస్తకంతో వాడుకలోకి వచ్చింది. అంటే గిడుగు వారు ఇంగ్లీషు చదువుకున్న రోజుల్లో ఈ క్రియలు ఉన్నాయి గాని వీటికి ఆ పేరు ఇంకా వాడుకలో లేదు.

ఆయన 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. వంశధార ఒడ్డు ఊరు. తండ్రి వీర్రాజు గారు రెవెన్యూ ఉద్యోగి, తల్లి వెంకమ్మ గారు. ఉద్యోగం బదిలీ మీద తండ్రి చోడవరం వచ్చి, 1875లో అక్కడే విషజ్వరంతో పోయారు. పాడేరు ఘాటు దిగి వెళ్తే తగిలే చోడవరమే అది. మనలో చాలామంది మొదటిసారి సినిమా చూసిన ఊరు. పన్నెండేళ్ల పిల్లవాడు విజయనగరంలో మేనమామ గారింటికి చేరి, మహారాజావారి ఇంగ్లీషు స్కూల్లో చదువుకున్నాడు. అక్కడ ఆయన సహాధ్యాయి గురజాడ అప్పారావు. ఇద్దరూ తరవాత ఏమయ్యారో మీకు చెప్పనక్కరలేదు. 1879లో మెట్రిక్యులేషన్ ప్యాసయ్యారు, అదే ఏడు పెళ్లి కూడా అయింది. మరుసటేడు పర్లాకిమిడి రాజావారి స్కూల్లో 30 రూపాయల జీతం మీద మాస్టారు అయ్యారు. పదిహేడు ఇంకా నిండలేదు.

పాఠాలు చెప్పుకుంటూనే ప్రైవేటుగా ఎఫ్.ఎ., ఆ తరవాత చరిత్ర ముఖ్యాంశంగా బి.ఎ. పూర్తి చేశారు. డిగ్రీ చేతికి వచ్చేసరికి ముప్పై దాటాయి. మధ్యలో ముఖలింగం గుడి గోడల మీది శాసనాలు చదవాలనిపించింది. చెప్పేవారు లేక, పాత లిపులు తనంతట తనే పట్టుకున్నారు. పుస్తకంతో వచ్చే చదువు ఆయన తక్కువ చదివినవాడు కాదని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

పుస్తకం లేని భాష ఒకటి ఆయన వాకిట్లోకి వచ్చింది. పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండలు సవరలవి. వాళ్ల భాషకి అప్పటికి లిపి లేదు, చేతికందే వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. వాళ్లకి చదువు చెప్పాలని మాస్టారికి బుద్ధి పుట్టింది. చెప్పాలంటే ముందు వాళ్ల మాట తనకి రావాలి అనుకున్నారు. ఇవాళ ఇది మామూలు మాటగా కనిపిస్తుంది. ఆ రోజుల్లో కొండవాడే కిందికి దిగి తెలుగో ఒడియావో నేర్చుకోవాలి తప్ప, కింది మాస్టారు కొండ భాష నేర్చుకోవడమనే ఊహ ఎవరికీ లేదు. తెలుగు వచ్చిన సవర మనిషి ఒకణ్ణి ఇంట్లో పెట్టుకుని, తిండిపెట్టి, రోజూ అతనితో మాట్లాడుతూ నేర్చుకున్నారు. ఆ తరవాత కొండలెక్కి ఊళ్లలో తిరిగారు. ఏళ్లు పట్టింది.

ఇక్కడ కొంచెం ఆగాలి. ఎందుకంటే మన పుస్తకం విషయం తేలేది ఇక్కడే. సవర ముండా కుటుంబపు భాష. మన అరకు వైపు గదబల్లో గుతోబ్ మాట్లాడే వాళ్ల భాషకి చుట్టం. తెలుగుకి, ఒడియాకి దానితో ఏ సంబంధమూ లేదు. గొంతులో టక్కున ఆగిపోయే శబ్దాలు అందులో ఉంటాయి, వాటికి తెలుగులో అక్షరం లేదు. క్రియలు మరీ తమాషా. మనం చెట్టు వేరుగా, కొట్టడం వేరుగా అంటాం. సవరలో నామం కుదించుకుపోయి క్రియలోకి చొచ్చుకుపోతుంది, పనీ వస్తువూ ఒక్క మాటై బయటికి వస్తాయి. విడి మాటల పట్టిక రాసుకుని కూర్చున్నవాడికి ఆ మాట ఎదురైతే గుర్తుపట్టలేడు, ఎందుకంటే పట్టికలో ఉన్న రూపం వేరు, నోట్లో ఉన్న రూపం వేరు. కాబట్టి గిడుగు వారికి వినడం తప్ప దారి లేదు. ఎవరు ఏ పని చేస్తూ ఏ మాట అన్నారో చూడాలి, తిరిగి అనాలి, ఎదుటివాడు నవ్వితే మళ్లీ అనాలి.

ఇలా నేర్చినదాన్ని ఆయన దాచుకోలేదు. సవరలో వాచకాలు రాశారు, కథలు, పాటలు కూర్చారు. సొంత డబ్బుతో బడులు పెట్టి సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పించారు. కొందరిని తన ఇంట్లోనే ఉంచుకుని అన్నం పెట్టారు. ఆనాటి బ్రాహ్మణ గృహంలో అదెంత సాహసమో మా తాతల కాలం కబుర్లు విన్నవాళ్లకి తెలుస్తుంది. మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాలకి పారితోషికం ఇవ్వబోతే తనకి వద్దని, ఆ డబ్బుతో సవరలకి బడి నడపమని అడిగారు. 1913లో ప్రభుత్వ బిరుదు వచ్చింది.

కొండలు ఆయన దగ్గర్నుంచి తీసుకున్నదీ ఉంది. మన్యం జ్వరం సంగతి ఇక్కడ పుట్టినవాళ్లకి చెప్పాలా. మలేరియా తగిలి, క్వినైను వాడి వాడి చెవుడు వచ్చింది. చెవితో భాష పట్టినవాడికి చెవే పోయింది. ఆయన ఫోటోలు చూసినప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది వ్యావహారిక భాషోద్యమం కాదు, ఈ చెవుడే.

మా నాన్నగారిది రైల్వే ఉద్యోగం, మా ఇంట్లో తెలుగే. అందువల్ల ఆరో తరగతిలో నాకు ఇంగ్లీషు ఒక్కటే కొత్త. నా పక్కన కూర్చున్న మిత్రుడి ఇంట్లో కువి. సంతలో ఆదివాసీ ఒడియా. బడిలో తెలుగు. ఆ పైన ఇంగ్లీషు. అతనికి తెలుగు క్రియలే ముందు ఫ్రేజల్ వెర్బులు. ఒకసారి ఆలోచించండి. పడు అంటే కింద పడటం అని నేర్చుకున్న పిల్లవాడికి కనబడు, నిలబడు, బయటపడు, కష్టపడు, తెగబడు అన్నవి ఏమని బోధపడాలి? చూశారా, నేనే ఇంకోటి వాడాను. పెట్టు అని తెలిసినవాడికి కనిపెట్టు, తలపెట్టు, మొదలుపెట్టు, దాచిపెట్టు? మనం వీటిని ఎవరి దగ్గరా వల్లెవేయలేదు కాబట్టి ఇందులో చిక్కుందని మనకి తెలియదు. నా మిత్రుడికి నిలబడు అన్నది మాత్రం ఎప్పుడో వచ్చేసింది, మాస్టారు రోజుకి పదిసార్లు అనేవారు, అతను పదిసార్లు లేచి నిలబడేవాడు. తెగబడు మాత్రం వాచకంలో చదివి, అర్థం పక్కన రాసుకుని, మర్నాటికి మరిచిపోయేవాడు. ఏడో తరగతి సగంలో మానేశాడు. లెక్కల్లో నాకంటే చురుకు. మంచి ఇంజనీరు అయ్యేవాడని ఇప్పటికీ అనుకుంటాను.

గిడుగు వారి జీవితంలో ఇంగ్లీషు మళ్లీ ఎదురైన ఘట్టానికి వస్తాను. 1906-07 ప్రాంతంలో జె.ఎ. యేట్స్ అనే ఆంగ్లేయుడు ఉత్తర సర్కారు జిల్లాల బడులకి ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. బడులు తనిఖీ చేస్తుంటే, తెలుగు క్లాసులో చదివించే భాషా, గది దాటగానే పిల్లలూ మాస్టార్లూ మాట్లాడుకునే భాషా ఒకటి కాదని అతనికి అనిపించింది. ఎందుకని అడిగాడు. ఐరోపాలో అప్పటికి ఇరవై ముప్పై ఏళ్లుగా భాషల బోధన మీద పెద్ద మార్పు నడుస్తోంది. చచ్చిన లాటిన్ని నేర్పినట్టు బతికున్న భాషని సూత్రాలతో, అనువాదాలతో నేర్పకూడదని, మాటతో మొదలెట్టాలని హెన్రీ స్వీట్, యెస్పర్సన్ వంటివారు వాదిస్తున్నారు. డైరెక్ట్ మెథడ్ అన్న పేరు ఆ నాటిదే. విశాఖపట్నం మిసెస్ ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారికి ఈ సంగతులు తెలుసు. గురజాడ వారు, గిడుగు వారు, అయ్యంగారు, యేట్స్ నలుగురూ కలిశారు. వాడుక తెలుగు బడిలోకి రావాలన్న ఉద్యమం అలా రాజుకుంది.

అందరూ ఇక్కడినుంచి ఆయన కథ మొదలుపెడతారు. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం నాడు మన బడిలో జరిగే వ్యాసరచన పోటీల్లో కూడా అంతే. నా లెక్కలో మాత్రం అప్పటికే సగం పైన జరిగిపోయింది. ఏళ్ల తరబడి సవరల నోటి వెంట భాష పట్టినవాడికి, జీవభాష అంటే ఏమిటో ఐరోపా పుస్తకాలు వచ్చి కొత్తగా చెప్పాల్సిన పని లేదు. ఆ పుస్తకాలు చేసిందల్లా, తాను కొండల్లో చేసినది శాస్త్రమేనని ఆయనకి ధైర్యం చెప్పడం. ఇది నా ఊహే అనుకోండి, పండితులు ఒప్పుకోకపోవచ్చు.

ఆ తరవాతది మీరు చదివినదే, త్వరగా దాటేస్తాను. 1911లో ఉద్యోగం నుంచి విరమించుకుని పూర్తిగా ఈ పని మీద పడ్డారు. జయంతి రామయ్య పంతులు గారు, ఆంధ్ర సాహిత్య పరిషత్తు వారు ఎదురు నిలిచారు. స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసం వాడుక భాషలో రాయవచ్చునని ఒకసారి అనుమతి వచ్చింది, గొడవ ముదిరాక వెనక్కి పోయింది. ఆయన పుస్తకాల మూట మోసుకుని సభలకి వెళ్లేవారు, పూర్వ కవులూ వచనకారులూ వాడుక మాటలు ఎక్కడెక్కడ రాశారో పేజీ తీసి చూపించేవారు. 1919లో తెలుగు అన్న పేరుతోనే పత్రిక పెట్టి ఏడాదిపాటు నడిపారు. చెవుడున్న మనిషి ఎదుటివారి వాదం సరిగా వినపడకుండానే అన్ని సభలు ఎలా నెగ్గుకొచ్చారో! విశ్వవిద్యాలయాల్లో పరిశోధన గ్రంథం వాడుక భాషలో రాయనివ్వడానికి 1970 ప్రాంతం దాకా పట్టింది. మనం ఇవాళ సెలవు చీటీ దగ్గర్నుంచి ఈ సావనీరు దాకా రాసుకుంటున్న తెలుగు ఆయన తెచ్చిపెట్టినదే.

ఇప్పుడు మన పుస్తకం సంగతి. నేను సీలేరు, మాచ్‌ఖండ్ వైపు కరెంటు లైన్ల మీద చాలాకాలం పనిచేశాను. ఐదో తరగతితో ఆగిపోయిన హెల్పర్లు మా గ్యాంగుల్లో ఉండేవారు. స్విచ్ ఆఫ్, షట్ డౌన్, బ్రేక్ డౌన్, ట్రిప్ అవుట్, హ్యాండ్ ఓవర్, ఫాలో అప్ అన్నవి వాళ్ల నోట్లో నీళ్లలా ఆడేవి. ఒక్కటీ తప్పు చోట పడేది కాదు. పడితే ప్రాణం పోతుంది. స్విచ్ ఆఫ్ చేశారా, లైను షట్ డౌన్ అయిందా అన్న రెండు ప్రశ్నల మధ్య తేడా, స్తంభం ఎక్కబోయేవాడికి తెలిసినంత బాగా ఏ గైడు చెప్పలేదు. నేను బి.ఇ. చదివి వచ్చి వాళ్ల దగ్గర ఈ మాటలకి అసలు అర్థం నేర్చుకున్నాను. బొర్రా గుహల దగ్గర జీపులు నడిపే కుర్రాళ్లనే చూడండి. పిక్ అప్, డ్రాప్ ఆఫ్, చెక్ ఇన్, చెక్ అవుట్, హరీ అప్ అన్నీ వచ్చు. బెంగాలీ టూరిస్టులు ఎక్కువ కాబట్టి బెంగాలీ ముక్కలు కూడా వచ్చు. ఎవరూ అచ్చు వేసి పంచలేదు.

కాబట్టి కమిటీకి నా మనవి ఇది. ఆ డబ్బుని పుస్తకానికి పెట్టకండి. పట్టిక పనికిరాదని నేననను, తెలిసిన మాట మళ్లీ వెతుక్కోవడానికి పనికొస్తుంది, తెలియని మాట నేర్పదు. మనలో ఇంగ్లీషుతో బతికినవాళ్లం, బ్యాంకువాళ్లు, నర్సులు, మిలిటరీలో చేసినవాళ్లు, సెలవులకి అరకు వచ్చినప్పుడు హాస్టల్లో ఒక సాయంత్రం గడిపితే చాలు. రోజుకి ఐదు క్రియలు మించొద్దు. కుళాయి దగ్గర టర్న్ ఆన్, టర్న్ ఆఫ్. గ్రౌండులో లైన్ అప్, వామ్ అప్. వంటింట్లో కట్ అప్, వాష్ అప్, రన్ అవుట్. బియ్యం నిజంగా అయిపోయినప్పుడు రన్ అవుట్ అన్న పిల్ల దాన్ని జన్మలో మరవదు. పనిచేస్తూ అనాలి, ఒకళ్లు అంటే ఇంకొకళ్లు చేయాలి, రెండు రోజుల తరవాత వేరేచోట అదే మళ్లీ రావాలి. పుట్ ఆఫ్ అంటే ఏమిటని పిల్లల్ని తెలుగులోనే అడక్కండి, ఇంట్లో ఏ భాష ఆడతారో ఆ భాషలో ఏమంటారో అడగండి. కువిలో, గుతోబ్‌లో, ఆదివాసీ ఒడియాలో వాళ్లు చెప్పేది మనకి అర్థం కాకపోయినా ఫరవాలేదు. ఖర్చంటారా, సాయంత్రం పిల్లలకి ఉగ్గాణీయో, శనగలో. మిగతా డబ్బు ప్రయాణ ఖర్చుల్లేని సభ్యుల బస్సు టిక్కెట్లకి.

ఇక గిడుగు వారి చివరి సంవత్సరాలు. ఉద్యమం నడుస్తున్నన్నాళ్లూ సవర పని ఆపలేదు. ఆయన సవర భాషా వ్యాకరణం 1931లో మద్రాసు ప్రభుత్వం ఇంగ్లీషులో ప్రచురించింది. కుమారుడు సీతాపతి గారు కూడా ఈ పనిలో తండ్రికి తోడు. 1934లో కైజర్-ఇ-హింద్ పతకం వచ్చింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా కొత్త రాష్ట్రంగా ఏర్పడి పర్లాకిమిడి అందులోకి వెళ్లింది. తెలుగువాళ్లకి అన్యాయం జరిగిందని ఆయన అభిప్రాయం. యాభై ఆరేళ్లు ఉన్న ఊరు వదిలి, డెబ్బై రెండేళ్ల వయసులో రాజమండ్రి వచ్చేశారు. అక్కడ ఏ వీధిలోనూ సవర వినపడదు, వినపడినా ఆయనకి వినిపించదు. అయినా 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు పూర్తయి అచ్చులోకి వచ్చింది. ఆ ఏడే ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ ఇచ్చింది. 1940 జనవరి 22న మద్రాసులో కన్నుమూశారు.

2003లో మన రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో ఒకటో తరగతి చదువు మొదలుపెట్టారు. అందులో సవర ఉంది. మన వైపు కువి, కొండ, ఆదివాసీ ఒడియా ఉన్నాయి. వాచకాలు తెలుగు లిపిలో వేశారు. గిడుగు మాస్టారి సవర వాచకాలకి అప్పటికి దాదాపు తొంభై ఏళ్లు.